నర్సమ్మ గారి స్టాంపులకు లామినేషన్

నేను తొమ్మిదో తరగతికి సోవియట్ యూనియన్ పాఠం చెప్పాల్సిన రోజుకి సోవియట్ యూనియన్ లేదు. పాఠ్యపుస్తకంలో ఉంది. గోడ మీది మ్యాపులోనూ ఉంది, అందులో అయితే పైభాగమంతా అదే. పరీక్షలో దాని మీద ప్రశ్న తప్పకుండా వస్తుందని అందరికీ తెలుసు. పేపర్లో మాత్రం అది ముక్కలైపోయిందని రాశారు. నేనప్పటికి నర్సీపట్నంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా కొత్తగా చేరాను. ఆ దేశం ఉందని చెప్పాలా, లేదని చెప్పాలా అని స్టాఫ్ రూములో అడిగితే సీనియర్ లెక్కల మాస్టారు తలెత్తకుండానే, "ఉందనే సెప్పీయండమ్మా. లేని దేశం వచ్చి మిమ్మల్నేటీ అడగదు కదా" అన్నారు.

అందరూ నవ్వారు. మూల కుర్చీలో కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతున్న డ్రాయింగ్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఒక్క రోజు ఆగండమ్మా. రేపు నేనొకటి తెస్తాను" అన్నారు.

మర్నాడు ఆవిడ పాత నూలుచీర ముక్కలో చుట్టిన ఆల్బమ్ ఒకటి తెచ్చారు. క్లాసులో బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద ఆల్బమ్ పెట్టి, ఒక పేజీ తెరిచారు. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళు, ట్రాక్టర్లు, నాట్యం చేసేవాళ్ళు, ఎలుగుబంట్లు. ప్రతి స్టాంపు మీదా ఒకే నాలుగక్షరాలు, సీసీసీపీ అని, వాళ్ళ భాషలో ఆ దేశం పేరు. "ఈ అక్షరాలు ఇక రావు. ఇన్నాళ్ళూ అందరికీ కలిపి ఒక్క స్టాంపే అచ్చేసేవారు. ఇకమీదట ఎవరి స్టాంపు వాళ్ళేసుకుంటారు" అన్నారు. అంతే, పాఠం అయిపోయింది. నేను చెప్పాల్సిన ఆరు పేజీలూ అందులో ఉన్నాయి.

నాతవరం నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల లేచి, "మరి ఇళ్ళల్లో మిగిలిపోయిన పాత స్టాంపులు ఏటి సేస్తారండి?" అని అడిగింది. నాకు తెలియదు. డ్రాయింగ్ మేడమ్‌కీ తెలియదు. బీయీడీలో నాకు ఎవరూ నేర్పని సంగతి ఆ పూట నేర్చుకున్నాను. పిల్లలు ఆ ప్రశ్న అడిగారంటే చరిత్ర వాళ్ళకి అందినట్టే.

ఇప్పుడు టీచర్లుగా చేరుతున్న అమ్మాయిలు నన్ను చూడ్డానికి వస్తుంటారు. వాళ్ళు ఫోనులో ప్రపంచమంతా చూపించి పాఠం చెబుతారు. మంచిదే, నాకేమీ ఫిర్యాదు లేదు. కాకపోతే, "మీ కాలంలో ఏమీ లేకుండా ఎలా చెప్పేవారు మేడమ్?" అని జాలిగా అడిగినప్పుడు మాత్రం కొంచెం ఒళ్ళు మండుతుంది. ఏమీ లేకపోవడమేమిటి? మాకు డ్రాయింగ్ మేడమ్ ఉండేవారు.

ఆ ఆల్బములు ఆవిడవి కావు, వాళ్ళమ్మగారివి. ఆ పెద్దావిడ ఊళ్ళో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊరంతటికీ నర్సమ్మ గారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో నడివయసుకి వచ్చినవాళ్ళు చాలామంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. వయసులో ఉన్నప్పుడు ఆవిడతో కలిసి పనిచేసిన విదేశీ నర్సులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు సొంత దేశాలకి, కొందరు ఆఫ్రికాలో వేరే ఆసుపత్రులకి. వెళ్ళినా ఉత్తరాలు మానలేదు. ఆవిడకి స్టాంపులు ఇష్టమని తెలిసి, తమకొచ్చిన కవర్ల మీదవి కూడా కత్తిరించి పంపేవారట. ఒకావిడ తన తండ్రి చిన్నప్పుడు దాచుకున్నవి పంపింది. అలా నర్సీపట్నం దాటి ఎక్కువ దూరం వెళ్ళని మనిషి ట్రంకు పెట్టెలోకి ప్రపంచం వచ్చి చేరింది.

ఆ పెట్టెకి కొన్ని కట్టుబాట్లుండేవి. స్టాంపుని చేత్తో ముట్టుకోకూడదు. గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో నానబెట్టి కాగితం నుంచి విడదీయాలి, బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టాలి, చిమటాతో పట్టుకుని, వెనక పల్చటి గమ్ము కాగితం ముక్క మడతపెట్టి అంటించాలి. ఆ మడతపెట్టిన ముక్కని హింజ్ అంటారు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు వానాకాలానిది. మా వైపు తేమకి జిగురు కరిగి స్టాంపులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని తొలకరి నుంచి దసరా వెళ్ళేదాకా పెట్టె తెరవడం నిషేధం. ఆ నెలల్లో డ్రాయింగ్ మేడమ్ స్టాంపుల్ని గుర్తుంచుకుని బోర్డు మీద రంగు సుద్దలతో పెద్దగా వేసి చూపించేవారు. చివరికి స్టాంపు అంచున రంపంలా ఉండే పళ్ళు కూడా వదలకుండా చుట్టూ వేసేవారు.

శనివారం ఆఖరి పీరియడ్ స్టాంపులది అని ఎవరూ కాగితం మీద పెట్టలేదు, అదే అలవాటైపోయింది. డ్రాయింగూ సోషలూ కలిపేసి ఇద్దరం క్లాసులో ఉండేవాళ్ళం. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని వరసగా బల్ల చుట్టూ నడిచి చూసేవారు. హెల్వెషియా అని రాసిన దేశం మ్యాపులో ఎక్కడా దొరక్క తల బద్దలుకొట్టుకుని, అది స్విట్జర్లాండని తెలిశాక మోసం జరిగినట్టు మొహాలు పెట్టేవారు. ఒక దేశం స్టాంపు మీద అసలు పేరే ఉండదు, రాణి గారి తలకాయ మాత్రం ఉంటుంది. "పేరు రాసుకోకపోతే ఎలాగండి, తప్పిపోదేటి?" అని ఒక పిల్ల. స్టాంపులు మొదలెట్టింది వాళ్ళే కాబట్టి పేరు అక్కర్లేదనుకున్నారని చెప్పాను. "అయితే మాత్రం, అంత గీరేటండి!" అంది. బ్రిటిష్ సామ్రాజ్యం గురించి అంతకన్నా బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఘనా దేశపు స్టాంపు. దాని మీద రాణి గారి బొమ్మే ఉంటుంది, గోల్డ్ కోస్ట్ అనే పాత పేరే ఉంటుంది. ఆ పేరు మీద నుంచి ఘనా, స్వాతంత్ర్యం అని కొత్తగా అచ్చు కొట్టారు. కొత్త స్టాంపులు తయారయ్యేదాకా ఆగలేక, ఉన్నవాటి మీదే కొట్టేశారన్నమాట. అప్పుడక్కడి ఆసుపత్రిలో ఉన్న నర్సు పంపింది. పిల్లలు దాన్ని చూసి ఊరికే నవ్వేవారు, ఎందుకో వాళ్ళకి చెప్పక్కర్లేకుండానే అర్థమయ్యేది.

బొమ్మల సంగతి డ్రాయింగ్ మేడమ్ చూసుకునేవారు. హంగరీ వాళ్ళు పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మల్ని వెడల్పాటి స్టాంపులుగా వేసేవారు. మాకు అదే మ్యూజియం. భూతద్దం కింద పెట్టి, వెలుతురు ఏ పక్క నుంచి పడుతోందో, ఆ ముసలామె చేతుల మీద నీలం ఎందుకు వేశాడో చూపించేవారు. కోతల బొమ్మ ఒకటి చూసి ఎస్. రాయవరం వైపు నుంచి వచ్చే పిల్ల, "ఈళ్ళూ మనలాగే నడుం మీద సెయ్యేసుకుని నిలబడతారండి" అంది. ఆ మాట విని డ్రాయింగ్ మేడమ్ మొహం ఎలా వెలిగిందో నాకిప్పటికీ గుర్తు.

పిల్లలూ పోగుచేయడం మొదలెట్టారు. ఒకసారి ఒక పిల్ల తన స్టాంపులన్నీ తెచ్చి గర్వంగా పరిచింది. ప్రతిదాని చుట్టూ ఉన్న పళ్ళని కత్తెరతో సాఫీగా కత్తిరించేసింది. "అంచులు ముక్కలు ముక్కలుగా ఉన్నాయండి, నీటుగా సేసేను" అంది. నాకు నవ్వాగలేదు. డ్రాయింగ్ మేడమ్ మాత్రం ఒక్కొక్కటీ భూతద్దంతో చూసి, "కత్తెర ఎంత తిన్నగా నడిపేవే!" అన్నారు. పళ్ళ సంగతి ఆ తరవాతి శనివారం అందరికీ కలిపి చెప్పారు. ఆవిడ పద్ధతే అది. ముందు మనిషి మొహం చూసేవారు, తప్పు తరవాత.

ఇక మా హెచ్చెమ్ గారు. ఆవిడ లేకపోతే ఆ పీరియడ్ ఏనాడో లెక్కల స్పెషల్ క్లాసుకి పోయేది. తల్లిదండ్రులు వచ్చి, స్టాంపులు చూస్తే మార్కులొస్తాయా అని అడిగితే, "రావు. వస్తాయని ఎవరన్నారు?" అని పంపించేసేవారు. మాట కరుకు, మనసు వెన్న. కొత్త వస్తువు ఏదొచ్చినా చిన్నపిల్లలా సంబరపడేవారు. రెండువేల సంవత్సరం దాటాక ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లామినేషన్ షాపు పెట్టారు. కాగితాన్ని ప్లాస్టిక్ మధ్య పెట్టి వేడి మిషన్లోంచి తీస్తే అద్దంలా బయటికొస్తుంది. ఇక హెచ్చెమ్ గారిని ఆపడం ఎవరి తరం కాలేదు. ప్రార్థన గీతం లామినేషన్ అయింది. గంటల వేళలు లామినేషన్ అయ్యాయి. కుళాయి దగ్గర నీళ్ళు పారబోయవద్దన్న కాగితం, ఒక పిల్ల తెచ్చిచ్చిన రావి ఆకు కూడా అయ్యాయి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే మనల్నీ చేయించేస్తారని లెక్కల మాస్టారు చెబుతుండేవారు.

హెచ్చెమ్ గారు రిటైరయ్యే ఏడాది, విశాఖపట్నంలో స్టాంపుల ఎగ్జిబిషన్, స్కూళ్ళకి పోటీ కూడా ఉందని తెలిసింది. మా స్కూలు వెళ్ళి తీరాలన్నారు ఆవిడ. డ్రాయింగ్ మేడమ్ భయపడుతూనే వాళ్ళమ్మగారిని అడిగారు. ఆ రోజు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. నర్సమ్మ గారికి అప్పటికే చూపు మందగించింది, చేతులు వణికేవి. మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, "పట్టుకెళ్ళు. ఒక్కటీ తగ్గకుండా మళ్ళీ నా పెట్టెలోకొచ్చీయాలి. ఎలాగెళ్ళినవి అలాగే" అన్నారు. అలాగేనమ్మా అని కూతురు మాటిచ్చారు.

పేర్లు మార్చుకున్న దేశాలు, స్టాంపులెక్కిన చిత్రాలు అని రెండు వరసలు. దళసరి డ్రాయింగ్ షీట్ల మీద హింజులు వేసి అంటించి, కింద ఇండియన్ ఇంకుతో ముత్యాల్లాంటి తెలుగక్షరాలు రాశారు డ్రాయింగ్ మేడమ్. నెల రోజుల పైనే పట్టింది. అన్నీ మంచివే ఏరారు. ఘనా, హంగరీ, ఆ నాలుగక్షరాలవీ, ఎవరి తండ్రో దాచుకున్న జర్మనీవీ. ప్రయాణం ముందు రోజు సాయంత్రం, ఎలకలూ తేమా లేని చోటని, షీట్లన్నీ హెచ్చెమ్ గారి ఇనప బీరువాలో పెట్టించారు.

మర్నాడు పొద్దున్న కాంప్లెక్స్‌లో మేమిద్దరం బస్సు కోసం నిలబడి ఉంటే హెచ్చెమ్ గారు పట్టుచీర కట్టుకుని, పెద్ద సంచీ పట్టుకుని వచ్చారు. మొహం నిండా నవ్వు. "ఏటి సేసేనో సెప్పుకోండి సూద్దాం!" అంటూ సంచీలోంచి ఒక షీటు తీశారు. పొద్దుటి ఎండలో అది తళుక్కుమంది.

లామినేషన్ చేయించేశారు. వేడికి ప్లాస్టిక్ స్టాంపులోకి దిగిపోతుంది. వెనకున్న జిగురు కరిగి షీటుకి పట్టేస్తుంది. ఇక ఎవరి తరమూ కాదు దాన్ని విడదీయడం. స్టాంపులు దాచేవాళ్ళ లెక్కలో అది చచ్చిపోయినట్టే. డ్రాయింగ్ మేడమ్ ఆ షీటుని రెండు చేతులతో అందుకున్నారు. చూశారు. మిగతావి కూడా ఒక్కొక్కటే చూశారు. ఒక దాంట్లో ఘనా స్టాంపు మీద చిన్న గాలి బుడగ నిలిచిపోయి ఉంది, దాని మీద ఒకసారి బొటనవేలు ఆనించారు.

"నిన్న రాత్రి షాపులో దగ్గిరుండి సేయించేను. మీరింత కష్టపడ్డారు కదా, ఇక వందేళ్ళు సెక్కు సెదరదు. రిటైరయిపోయేముందు మీకు ఏదో ఒకటి సేయాలనిపించింది" అన్నారు హెచ్చెమ్ గారు.

"బాగున్నాయండీ మేడమ్ గారూ. శానా మెరుస్తున్నాయి" అన్నారు డ్రాయింగ్ మేడమ్. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బస్సెక్కాక కూడా, తాళ్ళపాలెం దాటేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ముందు సీట్లో హెచ్చెమ్ గారు పక్కావిడకి షీట్లు చూపించి మురిసిపోతున్నారు. "అక్కా, చెప్పాలి కదా" అని చెవిలో అన్నాను. "సెప్పకు సెల్లీ. నెలాఖరుకి ఆవిడ ఎల్లిపోతారు. ఇది మోసుకుని ఎల్లకూడదు" అన్నారు. "మరి అమ్మగారు?" అన్నాను. ఆవిడ మొహం కిటికీ వైపు, చెరకు తోటల వైపు తిప్పుకున్నారు. నాకైతే హెచ్చెమ్ గారి మీద కోపం, ఈవిడ మీద అంతకన్నా కోపం. మంచితనానికి కూడా ఒక హద్దుండాలని లోపల్లోపల తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఎగ్జిబిషన్ హాల్లో జడ్జీగా వచ్చినాయన తపాలా శాఖలో పెద్ద హోదాలో రిటైరైన పెద్దమనిషి. మెళ్ళో తాడుకి భూతద్దం వేలాడుతోంది. మా షీట్ల దగ్గరికొచ్చి అద్దం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తారు. ఆయన మొహంలో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది.

"ఎంత పని చేశారమ్మా! ఇవి ఇప్పుడు స్టాంపులు కావు, స్టాంపుల బొమ్మలు. వెనక చూడ్డానికి లేదు, విడదీయడానికి లేదు. పోటీలోకి తీసుకోలేను. ఎవరు చేయించారు?"

"నేనేనండి. తెలీక సేయించీసేను" అన్నారు డ్రాయింగ్ మేడమ్.

ఆయన మళ్ళీ షీటు మీదికి వంగారు. "వీటిని షీటు మీద అంటించింది ఎవరు? హింజులు వేశారా?"

"నేనేనండి. హింజులు వేసే అంటించేను."

"హింజు వేయడం తెలిసిన మనిషికి ఈ సంగతి తెలియదా? నేను నమ్మను. ఇన్నేళ్ళు దాచినవాళ్ళే ఇలా చేస్తే ఇక పిల్లలకేం నేర్పిస్తారు?"

ఆయన గొంతు హెచ్చింది. పక్క స్కూళ్ళ వాళ్ళు తిరిగి చూస్తున్నారు. స్టాంపు గురించి మా జిల్లాలో ఆవిడకన్నా తెలిసిన టీచరు ఉండరని నా నమ్మకం. ఆవిడ ఆ హాలు మధ్యలో చేతులు కట్టుకుని, ఏమీ తెలియని మనిషిలా ఆ తిట్లన్నీ తింటూ నిలబడ్డారు. అప్పుడు వెనక నుంచి హెచ్చెమ్ గారు ముందుకొచ్చారు. మాట మొత్తం విన్నారు. పట్టుచీర కొంగు చేతిలో నలిగిపోతోంది.

"ఆవిణ్ణి అనకండి. సేయించింది నేను. జాగ్రత్త సేయమని నా బీరువాలో పెడితే, అడగకండా పట్టుకెళ్ళి సేయించేను. ఆవిడకి తెలుసు. తెలిసీ నా మొహం సూసి ఊరుకున్నారు" అన్నారు. స్కూల్లో అందరినీ హడలెత్తించే గొంతు అది. హాలంతా వినబడింది.

నేను ఉద్యోగంలో చాలామందిని చూశాను. తమ తప్పు పక్కవాళ్ళ మీదికి తోసినవాళ్ళని లెక్కపెట్టడం మానేశాను. ఆ రోజు మాత్రం పరాయి తప్పు నెత్తినేసుకున్న మనిషినీ, దాన్ని వేసుకోనివ్వని మనిషినీ ఒకేచోట చూశాను. ఇద్దరూ మా స్టాఫ్ రూము వాళ్ళే. పొద్దుటి నుంచీ నాలో రగులుతున్న కోపం ఎటు పోయిందో తెలియదు. వాళ్ళిద్దరి మధ్యా నిలబడి, వీళ్ళతో కలిసి పనిచేశానని గర్వపడ్డాను.

తరవాత జడ్జీ గారే, పోటీకి కాకుండా, గుమ్మం దగ్గర ఒక బల్ల వేయించి మా షీట్లని దాని మీద పెట్టించారు. మిగతా ఎగ్జిబిషన్ అంతా అద్దాల వెనక ఉంది, దగ్గరికెళితే వాలంటీర్లు అదిలిస్తున్నారు. మా బల్ల దగ్గర అదిలించేవాళ్ళు లేరు. మధ్యాహ్నానికల్లా పిల్లలు అక్కడే మూగారు. షీటు చేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఎండలోకి తిప్పి చూస్తున్నారు. హెచ్చెమ్ గారు కుర్చీలో కూర్చుని అదే చూస్తూ ఉన్నారు.

తిరుగు బస్సులో హెచ్చెమ్ గారు ఊరుకోలేదు. "పొద్దున్న బాగున్నాయన్నారేటండీ?" అని అడిగారు.

"మీరంత సంబరంగా తెచ్చేరు. ఇంకేటనగలనండి" అన్నారు డ్రాయింగ్ మేడమ్. కాసేపయ్యాక, "మా అమ్మకి మాత్రం నేనే సెప్తాను, టైము సూసి. మీరేటీ అనకండి. ఎలాగెళ్ళినవి అలాగే తెస్తానని మాటిచ్చీసేను" అన్నారు. అక్కడ మాత్రం ఏడుపు ఆగలేదు ఆవిడకి. హెచ్చెమ్ గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఆ టైము రాలేదు. షీట్లు ఇంకా రాలేదేమిటని నర్సమ్మ గారు రోజూ అడిగేవారట. స్కూల్లోనే ఉన్నాయమ్మా అని కూతురు చెప్పేవారు. అబద్ధం కాదు, నిజం కూడా కాదు. డ్రాయింగ్ మేడమ్ అన్నం సరిగా తినేవారు కాదు. స్టాఫ్ రూములో పెన్సిళ్ళు చెక్కుతూ చెక్కుతూ మధ్యలో ఆగిపోయేవారు. హెచ్చెమ్ గారు రోజూ ఆవిణ్ణి చూస్తూనే నెలాఖరు దాకా వచ్చారు.

రిటైర్మెంట్ రోజున స్కూలు ఆవరణలో షామియానా వేశాం. దండలు, శాలువాలు, తల్లిదండ్రులు, ఊరి పెద్దలు. సాయంత్రం సభ మొదలయ్యే ముందు గేటులోకి ఒక ఆటో వచ్చింది. అందులోంచి నర్సమ్మ గారు కర్ర పట్టుకుని దిగారు. హెచ్చెమ్ గారే ఎవరికీ చెప్పకుండా ఆటో పంపించారు. డ్రాయింగ్ మేడమ్ హెచ్చెమ్ గారి దగ్గరికి పరిగెత్తారు. "ఏటి సేస్తన్నారండీ?" అన్నారు. "నేను సేసింది నేనే సెప్పాలి కదండీ" అన్నారు హెచ్చెమ్ గారు, పెద్దావిణ్ణి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు.

రిటైరయ్యేవాళ్ళు మైకు పట్టుకుంటే చేసిన సేవలు చెప్పుకుంటారు. హెచ్చెమ్ గారు చేసిన నష్టం చెప్పారు. "ఇక్కడ నర్సమ్మ గారు కూర్చున్నారు. మీలో శానామందిని లోకంలోకి తెచ్చిన సేతులవి. ఆ సేతులు దాచుకున్నవాటిని నేను పాడు సేసేను. ప్రేమతోనే సేసేను, కానీ అడక్కండా సేసేను. అమ్మా, మీ అమ్మాయి తప్పేటీ లేదు. నన్ను సమించండి" అని వేదిక మీద నుంచే దణ్ణం పెట్టారు. తరవాత ఆవిడ పిల్లల్ని పిలిచి, షీట్లన్నీ వాళ్ళ చేతికిచ్చి, అందరి చేతుల్లోనూ పెట్టమన్నారు. "ఇన్నాళ్ళూ దూరం నుంచి సూసేరు. ఇక దగ్గిర పెట్టుకుని సూడండి. నా తప్పు వల్ల అదొక్కటే వీలయింది" అన్నారు.

షీట్లు వరసల్లోకి వెళ్ళాయి. లడ్డూలు తిన్న చేతులు, పొలం నుంచి తిన్నగా వచ్చిన చేతులు. స్టాంపులు చూస్తే మార్కులొస్తాయా అని అడిగిన జీడిపిక్కల వ్యాపారి ఒకాయన, కళ్ళజోడు పైకి తోసుకుని, పక్కవాళ్ళు అడుగుతున్నా షీటు వదలడం లేదు. డ్రాయింగ్ మేడమ్ ఇవేవీ చూడడం లేదు. వాళ్ళమ్మగారి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఎత్తకుండా ఉన్నారు.

ఒక పిల్ల నర్సమ్మ గారి ఒళ్ళో కూడా ఒక షీటు పెట్టింది. ఆవిడ దాన్ని అరిచేత్తో తడిమారు. ఈ చివర నుంచి ఆ చివరకి నిదానంగా తడిమి, "ఏటే ఇది, పలకలాగుంది?" అన్నారు.

"ప్లాస్టిక్కమ్మా. వేడి మిషన్లో పెట్టి అంటించేసేరు. ఇంక ఊడవు" అన్నారు డ్రాయింగ్ మేడమ్.

"తడి తగిల్తే?"

"ఏటీ అవదమ్మా."

"నా సెయ్యి ఒణికి కింద పడిపోతే?"

"ఏటీ అవదు."

నర్సమ్మ గారు షీటుని రెండు చేతులతో పైకెత్తి, ముక్కు దగ్గరిదాకా తెచ్చుకుని, వెలుతురు వైపు తిప్పారు. చేతులు వణుకుతున్నాయి, షీటూ వణుకుతోంది. ఆ చేతులు వణకడం మొదలయ్యాక, చిరిగిపోతాయన్న భయంతో ఆవిడ ఆ పెట్టె జోలికే వెళ్ళలేదని మాకు ఆ రోజే తెలిసింది. ఒక్కొక్క స్టాంపు దగ్గరా ఆగి, అది పంపిన నర్సు పేరు గొణుక్కుంటున్నారు. ఘనా దగ్గర ఎక్కువసేపు ఆగారు. తరవాత కూతురి వైపు తిరిగి, కసురుకున్నట్టుగా, "ముందే సేయించొచ్చు కదే! ఇన్నేళ్ళయి వీటిని సేత్తో పట్టుకోనే లేదు నేను" అన్నారు.

వేదిక మీద హెచ్చెమ్ గారు మెళ్ళో దండతోటే కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను చేతిలో ఉన్న శాలువా ఎవరికి కప్పాలో మరచిపోయాను. నర్సమ్మ గారు మాత్రం మాలో ఎవరినీ చూడడం లేదు. చూసిన షీటు పిల్ల చేతికిచ్చి, ఖాళీ చేతులు ముందుకు చాపారు.

"ఇంకోటి ఇలా తేయే. బేగి తే, సీకటి పడితే నాకు కనబడదు."